ఆ రెండంగుళాలు

కిందటి ఆదివారం ఒక మిత్రులు ఫోను చేశారు. వృత్తిరీత్యా వైద్యులు, ఉత్తర ఇంగ్లండులో నివాసం. చిరకాల వాంఛ తీర్చుకుంటూ ఒక పాత ఎంజీబీ కారు కొన్నారట. కుశలప్రశ్నలైనా పూర్తి కాకముందే, “ఎత్తు మార్చుకునే సస్పెన్షను బిగించుకుందామనుకుంటున్నానండీ. ఎంతవరకూ దించవచ్చు?” అని అడిగారు. అప్పటికి ఏదో పొడిగా సమాధానం చెప్పి తప్పించుకున్నాను గాని, ఆ ప్రశ్న మాత్రం వారం రోజులుగా నన్ను వదలలేదు. ఆరేళ్ళ కిందట నేనూ సరిగ్గా అదే ప్రశ్న అడిగాను కనుక. “ఎంత దించవచ్చు” అన్నది మొదటి ప్రశ్న అయినవారు ఆ సామగ్రి కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇది కటువుగా వినిపించవచ్చు. కార్ల మోజు లేని చదువరులు కూడా కాస్త ఓపిక పట్టండి, ఇందులో ఎద్దుబండి ప్రసక్తి కూడా ఉంది.

ముందు ఆ కారును గురించి నాలుగు మాటలు. ఎంజీబీ 1962లో పుట్టింది. ఆక్స్‌ఫర్డు సమీపంలోని అబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో, 1980 అక్టోబరులో కర్మాగారం మూతపడేదాకా, ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. పేరుకు స్పోర్ట్స్ కారే గాని నిజానికి మధ్యతరగతి వాహనం. ఉపాధ్యాయుడూ గుమాస్తా కూడా కొనుక్కోగలిగినది. నా కారు 1978 నాటిది. ఆ ఊరికి పది మైళ్ళ దూరంలో కాపురముంటున్నాను కనుక దాన్ని పుట్టింటికి దగ్గరగానే ఉంచానని చెప్పుకోవచ్చు.

నా కారుకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. 1974 చివరిలో, బంపర్లూ దీపాలూ నేలకు ఎంత ఎత్తున ఉండాలన్న అమెరికా నిబంధనలకు తలవంచి, కంపెనీవారు తళతళలాడే క్రోము బంపర్లు తీసివేసి లావుపాటి నల్ల రబ్బరు బంపర్లు తగిలించారు. కారు మొత్తాన్నీ అంగుళానికి పైగా పైకెత్తారు. బరువూ పెరిగింది, ఎత్తూ పెరిగింది. అది చాలదన్నట్లు, ఖర్చు తగ్గించుకోవడానికి, మలుపుల్లో కారు ఒక పక్కకు ఒరగకుండా ఆపే ముందరి యాంటీ రోల్ బారును కూడా కొంతకాలం తీసివేశారు. విమర్శలు వచ్చాక 1977 మోడలుతో ముందూ వెనుకా బార్లు పెట్టి కొంత దిద్దుకున్నారు గాని, ఎత్తు మాత్రం దించలేదు. అందుకే ఈ కార్ల యజమానుల్లో చాలామందికి ఆ అంగుళం ఒక అవమానంగా మిగిలిపోయింది. పక్కనే పాత క్రోము బంపరు కారు ఆగితే మనది పంచె పైకెగగట్టి బురదలో నడిచేవాడిలా కనిపిస్తుంది. దించాలన్న కోరిక అన్యాయమైనదని నేననను. అది ఎక్కడ ఆగాలన్నదే వివాదం.

ఇక నిర్మాణం. ముందు చక్రాలకు స్ప్రింగులు, వెనుక మన లారీలకుండే కమాను కట్టలు. షాక్ అబ్జార్బర్లు మాత్రం నేడు కనిపించే గొట్టాల వంటివి కావు. నూనె నిండిన ఇనుప పెట్టె, దానికొక చెయ్యి. చక్రం లేచి దిగినప్పుడల్లా ఆ చెయ్యి లోపలి నూనెను చిన్న రంధ్రాలగుండా తోస్తుంది. ముందు భాగంలో ఈ చెయ్యే చక్రాన్ని పైనుంచి పట్టుకునే భుజం కూడా. ఒక్క వస్తువుతో రెండు పనులు! ఆ పొదుపు నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. ఇప్పుడు అమ్ముతున్న ‘కాయిలోవర్’ సామగ్రి ఈ ముందరి పెట్టెనూ స్ప్రింగునూ తొలగించి, వాటి స్థానంలో ఒక ప్రత్యేకమైన పై భుజాన్నీ, స్ప్రింగు చుట్టుకున్న గొట్టపు షాక్ అబ్జార్బరునూ పెడుతుంది. ఆ గొట్టానికి మరలు ఉంటాయి. స్ప్రింగు కింద కూర్చున్న కాలరును ఆ మరల మీద పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. వెనుక అంత సౌకర్యం లేదు. కమాను కట్టకూ ఇరుసుకూ మధ్య లోహపు దిమ్మలు పెట్టి దించుకోవాలి.

ఆ చలికాలమంతా శనివారాలు గరాజులోనే గడిపి ఆ సామగ్రిని స్వయంగా బిగించాను. పాత స్ప్రింగు విప్పేటప్పుడు దాని కింద జాకీ లేకుండా బోల్టు ముట్టుకోకూడదన్న జాగ్రత్త ఒక్కటే నాకు తెలిసినది, దాన్ని పాటించాను. తక్కినదంతా కంటితోనే చేశాను. చక్రానికీ పైనున్న రెక్కకూ మధ్య నాలుగు వేళ్ళు పట్టే సందు రెండు వేళ్ళకు తగ్గేదాకా కాలర్లు తిప్పాను. వెనుక దిమ్మలు పెట్టాను. మొత్తం రెండంగుళాలు దిగింది. ఫొటోలు తీసి బంధుమిత్రులందరికీ పంపాను. నిజం చెప్పవద్దూ, అంత అందంగా అది మునుపెన్నడూ లేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వాంటేజ్ దాటి గుట్టల మీదికెక్కే రోడ్డు మీద వెళుతున్నాను. అప్పుడు దానికి పదకొండేళ్ళు. వాన వెలిసి రోడ్డు తడిగా ఉంది. వేగమూ ఎక్కువేమీ లేదు. ఒక కుడి మలుపు మధ్యలో రోడ్డుకు చిన్న అతుకు, దానికి ముందు ఒక పల్లం. పల్లంలోకి దిగగానే ముందునుంచి ‘ధన్’మని సుత్తితో కొట్టినట్లు చప్పుడైంది. కారు అడ్డంగా ఎగిరి బయటి అంచు గడ్డిని ఒరుసుకుంది. కంగారులో ఎక్కువ తిప్పాను కాబోలు, మరుక్షణం అవతలి వరుసలోకి వచ్చింది. ఎదురుగా వస్తున్న వ్యాను డ్రైవరు తనవైపు గడ్డిలోకి దిగకపోయి ఉంటే ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాదు. అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. గుమ్మం దగ్గర మాత్రం, “నాన్నా, ఇకమీదట మన ఇంకో కారులో వెళదామా?” అంది. ఏడాదిన్నర పాటు ఆ కారెక్కలేదు.

ఏమి జరిగిందో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. పాత కార్లు బాగుచేసే ఒక పెద్దాయన ముందు చక్రం విప్పి, గొట్టం చివరనున్న రబ్బరు దిమ్మను చూపించారు. అది నలిగి చీలిపోయింది. చక్రం పైకి లేవడానికి ఉండవలసిన చోటును నేను అందం కోసం ఖర్చు పెట్టేశాను. నిలబడి ఉన్నప్పుడే సగానికి పైగా ముడుచుకున్న సస్పెన్షను మలుపు బరువుకు మరికాస్త ముడుచుకుంది. పల్లం రాగానే మిగిలినదేమీ లేదు. స్ప్రింగు పని అయిపోయి ఇనుము ఇనుమును గుద్దిన క్షణంలో ఆ చక్రానికి సస్పెన్షనే లేనట్లు. తడి రోడ్డు మీద రబ్బరు పట్టు వదిలేసింది.

తక్కిన సంగతులు కూడా ఆయన దగ్గరే విన్నాను. కారు దిగితే గురుత్వకేంద్రం దిగుతుంది కనుక మలుపుల్లో తక్కువ ఒరుగుతుందని అందరమూ అనుకుంటాం. కారు ఒరిగేటప్పుడు అది ఒక ఊహాబిందువు చుట్టూ తిరుగుతుంది. ఆ బిందువు ఎక్కడుండాలో చక్రాన్ని పట్టుకున్న భుజాల వాలు నిర్ణయిస్తుంది. కారును బాగా దించితే భుజాల బయటి కొసలు పైకి చూస్తాయి, ఆ బిందువు గురుత్వకేంద్రం కంటే వేగంగా కిందికి పోతుంది. రెంటికీ మధ్య దూరం పెరుగుతుంది. అంటే దించిన కారు మరింత ఒరగవచ్చు! స్టీరింగు కడ్డీల సంగతీ అంతే. అసలు ఎత్తులో ఆ కడ్డీలూ భుజాలూ దాదాపు ఒకే చాపం మీద కదిలేట్లు అమర్చి ఉంటారు. ఎత్తు చెడితే చాపాలు విడిపోయి, గతుకు వచ్చినప్పుడల్లా మనం తిప్పకుండానే చక్రం కొద్దిగా తిరుగుతుంది. నా కారు ఆ రోజు రెండు తప్పులూ ఒకేసారి చేసింది.

ఇంకొక అపోహ. కాలరు పైకి తిప్పితే స్ప్రింగు బిగుసుకుని గట్టిపడుతుందని నాకు చెప్పినవారు అనేకులు. స్ప్రింగును అంగుళం నొక్కడానికి 400 పౌండ్లు కావాలనుకోండి, కాలరు ఎక్కడున్నా ఇంకో అంగుళం నొక్కడానికి మరో 400 పౌండ్లే కావాలి. ఆ మూల మోసే బరువు మారలేదు కనుక స్ప్రింగు అంతే ముడుచుకుంటుంది. కారు లేస్తుంది, అంతే. పైగా స్ప్రింగు చక్రానికంటే లోపలి వైపు, భుజం మధ్యలో కూర్చుంటుంది. కనుక కాలరు దగ్గర ఐదు మిల్లీమీటర్లు తిప్పితే చక్రం దగ్గర అంతకంటే ఎక్కువే మారుతుంది. పానా పట్టినవాడి చేతికి ఈ తేడా తెలియదు.

మరి ఎత్తును ఎలా నిర్ణయించాలి? నా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా తాతగారి ఊళ్ళో ధాన్యం బస్తాలు బండికెత్తడం చూసేవాణ్ణి. బస్తాలన్నీ ఎక్కాక బండి తోలేవాడు కాడి దగ్గరికి వచ్చి ఒక్కసారి చేత్తో ఎత్తి చూసేవాడు. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలు నొక్కేస్తుంది. వెనక్కి తూగితే కాడి పైకి లేచి ఎద్దులకు ఊపిరాడదు. ఒక బస్తా అటూ ఇటూ జరిపించి మళ్ళీ ఎత్తి చూసేవాడు. ఖాళీ బండిని తూచి సంతృప్తి పడే బండివాణ్ణి నేను చూడలేదు. నేను మాత్రం ఖాళీ కారును చూసుకుని మురిశాను!

ఈసారి ముందు నేల సంగతి చూశాను. గరాజు నేల చూపుకు సమంగానే ఉంటుంది, నమ్మరాదు. మన తాపీమేస్త్రీలు వాడే నీళ్ళ పైపు పద్ధతి గుర్తొచ్చి, పారదర్శకమైన గొట్టంలో నీళ్ళు నింపి నాలుగు చక్రాల చోట్లా మట్టం చూశాను. ఒక మూల తొమ్మిది మిల్లీమీటర్లు పల్లం. అక్కడ నేలకు వేసే పలకల ముక్కలు పేర్చాను. టైర్లలో గాలి సరిచూశాను. పెట్రోలు ట్యాంకు సగం నింపాను. డ్రైవరు స్థానంలో నా బరువుకు సమానంగా సోనా మసూరి బియ్యం బస్తాలు, ఇరవై కిలోలవి మూడు, పది కిలోలది ఒకటి పెట్టి సీటు బెల్టు కట్టాను. కిటికీలోంచి చూసిన మా ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

కొలతను నేలనుంచి తీయకూడదు. టైరు అరుగుదలా గాలీ అందులో కలిసిపోతాయి. చక్రం మధ్యబిందువు నుంచి సూటిగా పైకి, రెక్క అంచు వరకూ కొలవాలి. జాకీ మీదినుంచి దింపిన వెంటనే కొలవడమూ తప్పే. దిగేటప్పుడు చక్రాలు పక్కకు జరగబోతాయి, టైర్ల పట్టు వాటిని ఆపుతుంది, కారు ఎత్తుగా వేలాడుతుంది. నాలుగడుగులు ముందుకూ వెనక్కూ నెట్టి, బంపరు నొక్కి ఊపి అప్పుడు కొలవాలి. చాలామంది మరచేది మరొకటి ఉంది. భుజాల కీళ్ళలోనూ కమాను కట్టల కొసల్లోనూ రబ్బరు బుష్షులుంటాయి. కారు జాకీ మీద ఉండగానే ఆ బోల్టులు పూర్తిగా బిగిస్తే, కిందికి దింపినప్పుడు రబ్బరు మెలిపడి తానే ఒక స్ప్రింగులా పనిచేస్తుంది. కొలతలూ అబద్ధం చెబుతాయి, బుష్షులూ త్వరగా చిరుగుతాయి. కారు తన బరువు మీద తాను నిలబడ్డాకనే ఆఖరి బిగింపు.

ఒక మూల మారిస్తే తక్కిన మూడూ మారతాయన్నది అన్నిటికంటే నన్ను తికమకపెట్టిన సంగతి. నాలుగు కాళ్ళ బల్లకు ఒక కాలు కింద అట్టముక్క పెట్టి చూడండి. ఆ కాలి మీదా, దానికి ఐమూలగా ఉన్న కాలి మీదా బరువు పెరిగి, మిగిలిన రెండిటి మీదా తగ్గుతుంది. కుడి ముందర కాలరు ఎత్తితే ఎడమ వెనుక చక్రం కూడా ఎక్కువ మోస్తుంది. నాలుగు ఎత్తులూ అద్దంలా సమంగా కనిపిస్తూనే, బరువులు ఐమూలగా వంకరపోయి ఉండవచ్చు. అటువంటి కారు ఎడమకు ఒకలా, కుడికి ఒకలా తిరుగుతుంది. కనుక నాలుగు త్రాసులు ఒక రోజుకు అద్దెకు తెచ్చాను. నాకు ఎత్తుల్లో ఇటూ అటూ నాలుగు మిల్లీమీటర్ల తేడా మిగిలింది. బరువుల కోసం దాన్ని అలాగే ఉంచాను. కంటికి కనిపించే సమత్వం కంటే త్రాసు చెప్పే సమత్వం మేలని నా పక్షం.

చివరకు కారు కంపెనీవారు ఎత్తిన ఎత్తు కంటే ఒక్క అంగుళం మాత్రమే దిగి ఉంది. దాదాపు 1974కు ముందరి ఎత్తు. తరువాత చక్రాల ఎలైన్‌మెంటు, దాని తరువాత దీపాల వాలు. ఈ రెండోది ఎవరూ చేయరు. ముందు భాగం దిగిన కారు దీపాలు తన కాళ్ళ ముందే వెలుగు పోసుకుంటాయి. వెనుక మాత్రమే దించితే ఎదుటివాడి కళ్ళలో పొడుస్తాయి. నెల రోజులు తిరిగాక మళ్ళీ కొలిస్తే కొత్త స్ప్రింగులు కాస్త కుదురుకుని మూడు మిల్లీమీటర్లు కుంగాయి. మళ్ళీ తిప్పాను.

ఎత్తు మార్చుకునే వీలు కొత్త కనిపెట్టు కాదు. పోర్షె 911 పాత నమూనాల వెనుక సస్పెన్షనులో స్ప్రింగులకు బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలుండేవి. వాటికి లోపలి కొసన 40, బయటి కొసన 44 పళ్ళు. రెండు కొసలూ చెరొకవైపు ఒక్కో పన్ను జరిపితే ఒక డిగ్రీలోపు మార్పు వస్తుంది. కుంగినదాన్ని యథాస్థితికి తేవడానికి ఇంత సూక్ష్మమైన ఏర్పాటు చేశారు. దిద్దుకోవడానికి ఇచ్చిన సౌకర్యాన్ని మనం అలంకారానికి వాడుకుంటున్నామన్నదే నా ఫిర్యాదు.

ఇక చట్టం సంగతి. 2018 మే నెలలో వచ్చిన నిబంధన ప్రకారం ఈ దేశంలో నలభై ఏళ్ళు నిండిన కార్లకు ఏటేటా జరిగే ఎంఓటీ తనిఖీ తప్పనిసరి కాదు. అయితే గడచిన ముప్పై ఏళ్ళలో వాహనాన్ని ‘గణనీయంగా మార్చి’ ఉండకూడదు. సస్పెన్షను రకాన్నో పద్ధతినో మార్చడం గణనీయమైన మార్పే. ఇరుసులూ నడక భాగాల్లో సామర్థ్యం కోసమో భద్రత కోసమో పర్యావరణం కోసమో చేసిన మార్పులకు మాత్రం మినహాయింపు ఉంది. ఇది తేల్చి చెప్పే అధికారి ఎవరూ రారు. పన్ను కట్టేటప్పుడు యజమాని తనకు తానే ప్రకటించుకోవాలి.

ఈ మినహాయింపు చదివినప్పుడు నాకు సిగ్గేసింది. మొదటిసారి బిగించినప్పుడు నేను చేసిన మార్పు భద్రత కోసమని ఏ నోటితో చెప్పను? ఇప్పుడు చెప్పగలననుకుంటాను. అయినా చెప్పడం లేదు, ఏటా తీసుకెళ్ళి తనిఖీ చేయిస్తున్నాను. సస్పెన్షనును ముట్టుకున్న ప్రతివారూ, చట్టం అడగకపోయినా, అలాగే చేయాలని నా దృఢమైన అభిప్రాయం. నట్టు నేనే బిగించాను గనుక దాన్ని నా కళ్ళు కాని కళ్ళు ఒకసారి చూడాలి. పోయేది యాభై అరవై పౌండ్లు, ఒక ఉదయం.

అసలు రూపాన్ని ముట్టుకోకూడదనే ఛాందసులతో కూడా నాకు పేచీ ఉంది. వారు పూజించే ఎత్తు ఏ శిల్పి కలా కాదు, ఒక నిబంధన కోసం తొందరలో వేసిన అతుకు. ఐతే వారు చెప్పేదాంట్లో ఒకటి మాత్రం నిజం. కాయిలోవర్ల కోసం తహతహలాడేవారిలో ఎక్కువమందికి కావలసినది కాయిలోవర్లు కావు. పాత నూనె పెట్టెకు పైన ఒక మూత ఉంటుంది. అది విప్పి నూనె నింపవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. పెట్టె కారుతుంటే బాగుచేసినది దొరుకుతుంది. పగిలిన రబ్బరు బుష్షులు మార్చి, కుంగిన కమాను కట్టలు కొత్తవి వేసి, ఆ తరువాత కూడా కారు నచ్చకపోతే అప్పుడు సామగ్రి జాబితా చూడవచ్చు. నేను ఆ వరుసను తలకిందులుగా చేసి, చాలా డబ్బు పోగొట్టుకున్నాను.

ఈ మాటలన్నీ మొన్న బుధవారం మిత్రులకు ఫోను చేసి చెప్పాను. ఏదీ కొనకముందు టేపు పట్టుకుని నాలుగు మూలలా కొలిచి పంపమన్నాను. నిన్న పంపారు. వెనుక కుడివైపు పద్దెనిమిది మిల్లీమీటర్లు తక్కువ. కిందికి దూరి చూస్తే ఆ పక్క కమాను కట్టలో ఒక పట్టీ విరిగి ఉందట. ఇన్నాళ్ళూ కారు ఒక పక్కకు లాగుతోందని స్టీరింగును అనుమానిస్తున్నారు పాపం.

మా అమ్మాయికి ఇప్పుడు పదహారు నిండాయి. వసంతంలో ఏటా కొలతలు తీసే రోజున బియ్యం బస్తాలు నావైపు, తాను అటువైపు సీట్లో కూర్చుంటుంది. కారు ఒక మనిషితో ఎలా ఉందో, ఇద్దరితో ఎలా ఉందో విడివిడిగా రాయాలన్న నియమం దానిదే. పుస్తకం దాని ఒళ్ళోనే ఉంటుంది. నేను కొలిచి అంకె చెబుతాను. అది రాసుకుని, పోయినేటి అంకె పైకి చదివి, తేడా మూడు మిల్లీమీటర్లు దాటితే, “మళ్ళీ కొలవండి నాన్నా” అంటుంది.